నీలిమంట నిలవాలంటే

శ్రీ సత్యసాయి జిల్లాకు కాలుష్యం లేని కరెంటు కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. నంబులపూలకుంటలో 2016 నుంచి సోలార్ పార్కు నడుస్తోంది. ఆ కరెంటంతా తీగలెక్కి గ్రిడ్డుకు పోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం కంప ఎగదోసి పొయ్యి రాజేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే 1980లో మొదలై పెనుకొండ కేంద్రంగా పనిచేస్తున్న సెడ్స్ సంస్థ గోబర్ గ్యాస్‌నూ పొగ తగ్గించే పొయ్యిలనూ పట్టుకోవడం, అసలు నొప్పి ఉన్నచోట చెయ్యి వేయడమే. అయితే ఈ పనిలో గ్యాస్ గుంత కట్టడం కంటే, కట్టినదాన్ని ఏళ్ల తరబడి నడిపించడమే పెద్ద విద్య అని నా వాదన. మన లెక్కలన్నీ ఎన్ని కట్టామన్న దగ్గరే ఆగిపోతున్నాయి.

2 ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోల దాకా పేడ, దాదాపు అన్ని నీళ్లు కావాలి. అంటే నాలుగైదు పశువులు. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో తుప్పు పట్టే ఇనుప డ్రమ్ము లేదు. ఇటుకలతో కట్టిన గుమ్మటం నేలలోనే ఉంటుంది. ఖర్చు తగ్గింది కానీ బరువంతా మేస్త్రీ చేతి మీద పడింది. లోపలి పూతలో వెంట్రుకంత పగులున్నా గ్యాస్ నిలవదు. పైపులో ఆవిరి చల్లబడి నీరు చేరితే మంట ఎగిరెగిరి పడుతుంది. పల్లంలో ఉన్న కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేస్తే మళ్లీ నీలంగా, కుదురుగా వెలుగుతుంది. రెండు నిమిషాల పని. అది చూపించే మనిషి లేని ఇంట్లో గ్యాస్ చెడిపోయిందనుకుంటారు, పేడ కలపడం మానేస్తారు, తొట్టి ఎండిపోతుంది. లెక్కల్లో మాత్రం ఆ ప్లాంటు ఉన్నట్టే.

ఈ తేడాను పట్టుకున్నది, తగ్గిన కాలుష్యాన్ని లెక్కగట్టి ధనిక దేశాలకు అమ్మే కార్బన్ క్రెడిట్ల పద్ధతి. హిందూపురానికి పక్కనే, కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లిలో అడాట్స్ సంస్థ, కూలీ సంఘం కలిసి 5,500 ప్లాంట్ల పథకాన్ని 2005లో క్యోటో ఒప్పందం కింద నమోదు చేయించాయి. తర్వాత సెడ్స్ కూడా ఆ దారే పట్టింది. ప్రభుత్వ సబ్సిడీ ప్లాంటు కట్టినందుకు వస్తుంది. క్రెడిట్ ఆ ఏడాది పొయ్యి వెలిగినందుకు వస్తుంది. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి చూడక తప్పదు, చెడింది బాగుచేయక తప్పదు.

ధనిక దేశాలు తమ పొగను మన పల్లెలకు డబ్బిచ్చి కడుక్కోవడమే కదా ఇది అంటారు. ఆ మాట నేను కాదనను. ఇక్కడి పొయ్యి అక్కడి చిమ్నీకి మాఫీ కాదు. పైగా 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక్క యూరో కిందికి పడిపోయింది. రిపేరు చేసే మనిషి జీతాన్ని అలాంటి సంతకు వేలాడదీయకూడదు. సబ్సిడీలో కొంత భాగాన్ని మూడో ఏట, ఐదో ఏట మంట చూశాకే ఇచ్చే పద్ధతి పెడితే ఆ బాధ్యత ప్రభుత్వమే మోసినట్టవుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా వస్తుంటే ఈ పేడ గొడవెందుకన్నది రెండో మాట. ఆ పథకం మంచిదే. కానీ మూడు వంట సిలిండర్లతో పన్నెండు నెలలు గడిచే ఇళ్లెన్ని? అవి అయిపోయాక, కొనలేని ఇల్లాలు మళ్లీ కంప దగ్గరికే పోతుంది. సిలిండరు చేనుకు ఎరువూ ఇవ్వదు. గుంతలోంచి వచ్చే స్లర్రీ చెనిక్కాయ పండే మన ఎర్రనేలలకు ఆకలి తీర్చే తిండి.

పశువులే లేనివాళ్ల సంగతి అన్నింటికంటే కష్టమైంది. ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇంటికీ, భూమి లేని కూలీకీ ఈ ప్లాంటు పనికిరాదు. వాళ్లకు మిగిలే పొదుపు పొయ్యి కట్టెలనూ పొగనూ తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. కరువు ఏడాదిలో మేత వామి కరిగిపోతే ఆవులున్నవాళ్లూ వాటిని సంతకు తోలేస్తారు, దాంతో గుంత నిద్రపోతుంది. కాబట్టి మేత నిలబెట్టే పని కూడా ఇంధనం పనిలో భాగమే. తిరిగి పశువు కొన్నాక గుంతను మొదలెట్టాలంటే బండ్లకొద్దీ పేడ నింపాలి. పక్కింట్లో నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగు బకెట్ల స్లర్రీ తెచ్చి పోస్తే అది తొందరగా అందుకుంటుంది. ఊళ్లో ఆ ఒక్క ప్లాంటూ ఆరిపోకుండా చూసే మనిషికి జీతం ఎవరిస్తారో ముందు తేలాలి.