అడుగు ఇసుకను పనిలోకి దించిన గ్రౌటు

లూసియానా రాష్ట్రంలో న్యూరోడ్స్, సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ ఊళ్ల మధ్య మిసిసిపీ నదిని దాటించే జాన్ జేమ్స్ ఆడుబాన్ వంతెన 2011 మేలో తెరుచుకుంది. అంతకుముందు అక్కడ ఫెర్రీయే దిక్కు. 1,583 అడుగుల ప్రధాన స్పాన్‌తో, అప్పటికి పశ్చిమార్ధగోళంలోని కేబుల్-స్టేడ్ (టవర్ల నుంచి నేరుగా కేబుళ్లతో పట్టి ఉంచిన) వంతెనల్లో ఇదే పెద్దది. చూసేవాళ్ల కళ్లు కేబుళ్ల మీదికే పోతాయి కానీ, అసలు పనితనం నది కింద, పునాది షాఫ్టుల అడుగున ఉంది.

డ్రిల్డ్ షాఫ్టు అంటే మనవాళ్లు బోర్ పైల్ అనేదే. రాయి తగలని చోట అది ఇసుకలోనో మట్టిలోనో నిలబడాలి. బరువును కొంత పక్కల రాపిడి, కొంత అడుగు ఆనిక మోస్తాయి. కానీ రెండూ ఒకేసారి అందిరావు. రాపిడికి అర అంగుళం కుంగుదల దాదాపుగా చాలు. అడుగు పూర్తిగా ఆనాలంటే షాఫ్టు తన వ్యాసంలో 5 శాతం దాకా దిగాలి. 8 అడుగుల షాఫ్టుకైతే అది దాదాపు 5 అంగుళాలు. అంత కుంగుదలను ఏ వంతెనా ఓర్చుకోదు. పైగా తవ్వేటప్పుడు అడుగు ఇసుక వదులవుతుంది, మడ్డి పేరుకుంటుంది. అందుకే డిజైనర్లు అడుగు బలాన్ని చాలావరకు లెక్కలోంచి తీసేసి, షాఫ్టునే ఇంకా లోతుకు దించేవారు.

ఆ వదిలేసిన బలాన్ని రాబట్టేదే బేస్ గ్రౌటింగ్, అంటే షాఫ్టు అడుగున గ్రౌటును ఒత్తిడితో ఎక్కించడం. 1960ల మొదట్లో వెనిజులాలోని మరకైబో వంతెనకు దీన్ని వాడారు. అమెరికాలో దీనికి పద్ధతిగా లెక్క కట్టినవారిలో ముఖ్యులు సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రే మలిన్స్, ఆయన సహచరులు. ఫ్లోరిడా రవాణా శాఖ కోసం చేసిన పరిశోధనలో వాళ్లు, గ్రౌటు ఒత్తిడికీ అడుగు బలం పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని డిజైనరు వాడుకోగల సూత్రంగా మలిచారు.

పని తీరు చూడండి. ఇనుప బోను దించేటప్పుడే దానితో పాటు స్టీలు గొట్టాలు అడుగు దాకా వెళతాయి. అక్కడ గొట్టానికి చిల్లులు, వాటి మీద బిగుతుగా రబ్బరు తొడుగు. పాత సైకిల్ వాల్‌ట్యూబ్ లాగే ఇదీ లోపలి ఒత్తిడికి తెరుచుకుంటుంది, బయటిదాన్ని లోపలికి రానివ్వదు. కాంక్రీటు పోసిన మర్నాటికల్లా నీళ్లు కొట్టి, తొడుగు చుట్టూ గట్టిపడుతున్న పలుచటి పొరను పగలగొడతారు. ఈ అదను తప్పితే దారి మూసుకుపోతుంది. కాంక్రీటుకు తగినంత బలం వచ్చాక సిమెంటు, నీళ్లు కలిపిన గ్రౌటును పంపు చేస్తారు.

గ్రౌటు కింద ఇసుకను ఎంత బలంగా నొక్కుతుందో, షాఫ్టును అంతే బలంగా పైకి నెడుతుంది. 4 అడుగుల షాఫ్టు కింద 600 పీఎస్ఐ ఒత్తిడి అంటే దాదాపు 490 టన్నుల తోపు. షాఫ్టు లేవకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా పక్కల రాపిడి. వంతెన బరువు రాకముందే, షాఫ్టు రాపిడే ఆసరాగా, షాఫ్టు అడుగును బిగిస్తున్నారన్న మాట.

అందుకే పంపు దగ్గర మూడు లెక్కలు చూస్తారు: ఒత్తిడి ఎంత, గ్రౌటు ఎంత పోయింది, షాఫ్టు తల ఎంత లేచింది. గ్రౌటు పోతూనే ఉండి ఒత్తిడి ఎక్కకపోతే అది పక్కకు దారి చూసుకుంటోందని అనుమానించాలి. తల సాధారణంగా పావు అంగుళం లేస్తే చాలు, ఆపేస్తారు. ఒత్తిడి నిలకడగా నిలిచిందంటే, అడుగు కనీసం అంత బరువుకు తట్టుకుందనడానికి ఆ షాఫ్టు మీదే సాక్ష్యం దొరికినట్టే. మామూలు లోడ్ టెస్టు ఏ ఒకటి రెండు షాఫ్టులకో చేస్తారు. ఇక్కడ గ్రౌటు ఎక్కించిన ప్రతి షాఫ్టుకూ ఓ పరీక్ష జరుగుతుంది.

ఇది అన్ని నేలలకూ చెల్లే మంత్రం కాదు. ఇసుక వెంటనే సర్దుకుంటుంది. బంకమట్టిలోంచి నీరు మెల్లగా వదులుతుంది కాబట్టి అక్కడ లాభం తక్కువ. 2017లో ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ వెలువరించిన అధ్యయనం కూడా బలం పెరగడానికి గల కారణాలను విడదీసి చూడమంటుంది: ఇసుక ముందే బరువు చవిచూడటం, గట్టిపడటం, అడుగు వెడల్పవడం. ఏది ఎంత కలిసొచ్చిందో తేల్చడానికి సైటులో లోడ్ టెస్టు కావాల్సిందే. ఇన్ని షరతుల మధ్య కూడా షాఫ్టు పొడవును తగ్గించి, ఒక్కో పునాదికి దాని సొంత కొలతను చేతికిచ్చే పద్ధతి ఇది. కనిపించని పనికి లెక్క చెప్పగలగడమే దీని గొప్పతనం.