పంచే తీగ, కలిపే తీగ కాదు

ఏ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లినా గోడకు వేలాడుతూ కనిపించే వస్తువు ఒకటుంది. ఒక చివర ఒక పిన్ను, రెండో చివర రెండు పిన్నులు ఉండే తీగ. ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది కనుక వై కేబుల్ అంటారు. స్ప్లిటర్ అని అడిగినా ఇస్తారు. ఇంట్లోని సెల్‌ఫోనునో, కంప్యూటరునో, పాత టేప్‌రికార్డరునో మైకుసెట్టు వాళ్ల మిక్సరుకు కలపవలసి వస్తే ముందు చేతికందేది ఇదే. ఇంత చిన్న వస్తువు మీద వచ్చిన వ్యాసానికి సమీక్ష కూడానా అని పాఠకులు అడగవచ్చు. ఈ తీగను తప్పుగా వాడితే పాట పాడవుతుంది, పరికరం పాడవుతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణం మీదికీ వస్తుంది. అందువల్ల అవసరమే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1981లో మొదలైన రేన్ అనే శబ్ద పరికరాల కంపెనీ 'రేన్ నోట్స్' పేరిట సాంకేతిక వ్యాసాలు వెలువరించి అందరికీ ఉచితంగా అందించింది. 2016లో ఆ కంపెనీ ఇన్‌మ్యూజిక్ సంస్థ చేతికి వెళ్లినా ఈ వ్యాసాలను ఇంజినీర్లు ఇప్పటికీ చదువుతున్నారు. వాటిలో 109వది డెనిస్ బోన్ రాసిన 'వై నాట్ వై?'. వై అక్షరానికీ, 'ఎందుకు' అనే ఇంగ్లీషు మాటకూ ఉచ్చారణ ఒకటే కావడంతో పుట్టిన చమత్కారం అది. తెలుగులోకి తేవడం అనువాదకుల తరం కాదు. చమత్కారం పోయినా విషయం మిగులుతుంది, అది గట్టి విషయం.

సూత్రం ఒక్కటే

ఆ వ్యాసం చెప్పేది ఒక్క సూత్రం. ఒక ఔట్‌పుట్ నుంచి వచ్చే సంకేతాన్ని వై తీగతో రెండు ఇన్‌పుట్లకు పంచవచ్చు. అదే తీగను తిప్పి పెట్టి, రెండు ఔట్‌పుట్లను ఒక ఇన్‌పుట్‌లోకి కలపకూడదు. తీగ అదే, పిన్నులు అవే, దిశ మారితే న్యాయం మారిపోతుంది.

కారణం నిరోధంలో ఉంది. ఔట్‌పుట్ల నిరోధం తక్కువ, ఇన్‌పుట్ల నిరోధం ఎక్కువ ఉండేలా పరికరాలను తయారుచేస్తారు. ఉదాహరణకు ఔట్‌పుట్‌కు 100 ఓములు, ఇన్‌పుట్‌కు 10,000 ఓములు అనుకుందాం. రెండు ఇన్‌పుట్లకు పంచితే ఆ రెండూ కలిసి 5,000 ఓములుగా కనిపిస్తాయి. అప్పుడు సంకేతంలో వచ్చే అదనపు నష్టం 0.1 డెసిబెల్ కన్నా తక్కువ. ఎవరి చెవికీ అందదు. సోనీ కంపెనీ 1979లో తెచ్చిన మొదటి వాక్‌మన్‌లో ఇద్దరు కలిసి వినడానికి రెండు జాక్‌లు ఉండేవి. అదీ పంచడమే.

ఇప్పుడు తిప్పి చూడండి. ఒకే పైపుకు రెండు మోటార్లు బిగించి, మధ్యలో వాల్వు పెట్టకపోతే ఏమవుతుంది? ఒకటి తోడిన నీరు పైకి పోవడానికి బదులు రెండోదానిలోకి తన్నుతుంది. రెండు ఔట్‌పుట్లను ముడివేసినా అంతే. ఒకదానికి రెండోది 100 ఓముల బరువుగా తగులుతుంది. సంకేతం 10,000 ఓముల ఇన్‌పుట్ వైపు వెళ్లకుండా పక్క ఔట్‌పుట్ లోపలికే పారుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాగుకుంటూ, శక్తికి మించిన విద్యుత్తు ఇవ్వబోయి, శబ్దాన్ని చీలికలు చేస్తాయి.

బోన్ గొప్పతనం వద్దని చెప్పి ఊరుకోకపోవడం. కలపక తప్పకపోతే ఏం చేయాలో చెబుతాడు. ఒక్కో ఔట్‌పుట్ దారిలో సుమారు 475 ఓముల రెసిస్టరు పెట్టి, ఆ తరువాతే రెండిటినీ ముడివేయమంటాడు. మన కొట్లలో దొరికే 470 ఓములవి చక్కగా సరిపోతాయి. రెసిస్టరు ఇక్కడ వాల్వు చేసే పనిలాంటిదే చేస్తుంది. ప్రతి సంకేతం సుమారు సగానికి తగ్గుతుంది కాని, ఆ లోటును మిక్సరులో పూడ్చుకోవచ్చు. పెట్టుబడి రెండు రెసిస్టర్లు, కాస్త టంకం.

'నాకేం కాలేదే'

ఇక వ్యాసంలో లోటు గురించి. ఈ సూత్రాన్ని మైకుసెట్టు నడిపే ఎవరికైనా చెప్పి చూడండి. 'ఏళ్ల తరబడి అలాగే కలుపుతున్నాను, నాకేం కాలేదే' అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ అనుభవానికి జవాబు చెప్పకుండా సూత్రాన్ని మాత్రం వల్లిస్తే ఎవరూ నమ్మరు. పరికరాన్నిబట్టి ఫలితం ఎందుకు మారుతుందో బోన్ ఇంకాస్త విప్పి చెప్పి ఉంటే ఇంట్లో వాడుకునేవారికి మేలు జరిగేది.

లెక్క వేద్దాం. ఇంట్లో వాడే ప్లేయర్లలో చాలావాటి ఔట్‌పుట్ నిరోధం కొన్ని వందల ఓములు ఉంటుంది, సంకేతం ఒక వోల్టుకు అటూ ఇటూ ఉంటుంది. 500 ఓముల ఔట్‌పుట్లు రెండు ముడిపడి, ఒకదానిలో ఒక వోల్టు ఉండి రెండోది నిశ్శబ్దంగా ఉంటే పారేది ఒక మిల్లీ ఆంపియర్. దానితో ఏదీ కాలిపోదు. కావలసిన రెసిస్టరు ఆ పెట్టె లోపలే ఉందన్నమాట. వృత్తి పరికరాల సంగతి వేరు. వాటి ఔట్‌పుట్ 50 ఓములే ఉండవచ్చు, గరిష్ఠ సంకేతం 7.75 వోల్టుల దాకా పోవచ్చు. అప్పుడు లెక్క 77 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది. శబ్ద పరికరాలలో విరివిగా వాడే 5532 అనే చిప్పు, షార్టు అయినప్పుడు సైతం ఇవ్వగలిగింది సుమారు 38 మిల్లీ ఆంపియర్లు. ఇంట్లో పనిచేసిన తీగే పందిట్లో ఎందుకు గరగరమంటుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

గాయని ఎక్కడికి పోయింది?

ఇంటి పరికరాన్ని వృత్తి పరికరానికి కలిపేటప్పుడు అందరినీ తికమక పెట్టేది ఇంకొకటుంది. ఫోను నుంచి పాట పెడితే తబలా వినిపిస్తుంది, వయొలిన్లు వినిపిస్తాయి, పాడే మనిషి గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్లుంటుంది, లేదా అసలే ఉండదు. స్పీకరును తిడతారు, ఫోనును తిడతారు. దోషం తీగది. ఈ సంగతి 'వై నాట్ వై?' పరిధిలోకి రాదు. తీగల కట్టుబాట్ల కోసం రేన్ వారి 110వ నోటు విడిగా ఉంది. కాని సామాన్య పాఠకుడికి ఈ రెండూ ఒకచోట కావాలి.

జరిగేది ఇది. ఫోను పిన్ను కొసన ఎడమ సంకేతం, దాని వెనుక ఉన్న వలయంలో కుడి సంకేతం ఉంటాయి. మిక్సరులోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు అదే ఆకారం పిన్ను పడుతుంది కాని, దాని భాష వేరు. కొసన వచ్చేదానిలోంచి వలయంలో వచ్చేదాన్ని తీసివేసి, మిగిలిన తేడాను మాత్రమే అది పెంచుతుంది. దారిలో రెండు తీగల మీదా సమంగా చేరిన రొదను తుడిచివేయడానికి చేసిన ఏర్పాటది. గాయని గొంతును రికార్డింగులో సాధారణంగా ఎడమకూ కుడికీ సమానంగా పెడతారు. సమానమైనదాన్ని సమానమైనదానిలోంచి తీసివేస్తే సున్నా. మిక్సరుకు ఆమె గొంతూ రొదే అయింది.

దీనికి మందు వై తీగే! ఒక చివర స్టీరియో పిన్ను, రెండో చివర రెండు మోనో పిన్నులు ఉన్నది తెచ్చి, ఎడమను ఒక చానెల్‌కు, కుడిని మరో చానెల్‌కు ఇవ్వాలి. అన్నీ మోనో పిన్నులే ఉన్న మరో రకం వై తీగ పక్కనే వేలాడుతుంటుంది, చూడడానికి అచ్చం ఇలాగే ఉంటుంది. పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో, మూడుంటే మైకు కూడా ఉన్న ఫోను హెడ్‌సెట్‌ది.

మట్టాల తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఇంటి పరికరాల ప్రామాణిక మట్టం 0.316 వోల్టులు, వృత్తి పరికరాలది 1.228 వోల్టులు. దాదాపు నాలుగు రెట్లు. ఏ తీగా ఈ తేడాను పూడ్చలేదు, మిక్సరు గెయిన్ మీటనే తిప్పుకోవాలి. మైకు ఇన్‌పుట్‌కు ఫోనును కలిపేముందు అక్కడి 48 వోల్టుల ఫాంటమ్ సరఫరా ఆపి ఉందో లేదో చూడాలి. ఆ వోల్టేజి మైకు కోసం పెట్టింది, ఫోను కోసం కాదు.

మూడో పిన్ను

చివరగా, ఏ విదేశీ వ్యాసం కన్నా మన పందిళ్లకు ఎక్కువ అవసరమైన మాట. వేర్వేరు ప్లగ్గులలో పెట్టిన రెండు పరికరాలను వై తీగ కలిపితే ఎర్తు రెండు దారుల్లో తిరిగి చుట్టుగా ఏర్పడుతుంది, స్పీకరులో 50 హెర్ట్జ్ గుమ్మనే మోత మొదలవుతుంది. దాన్ని పోగొట్టడానికి కొందరు ప్లగ్గులోని మూడో పిన్నును పీకేస్తారు. మోత పోతుంది. దానితోపాటు రక్షణా పోతుంది. లోపల తీగ తెగి పెట్టెకు తగిలితే, ఆ విద్యుత్తుకు భూమిలోకి దారి మైకు పట్టుకున్న మనిషే. పిన్ను పీకవద్దు. పరికరాలన్నిటినీ ఒకే ప్లగ్గు పెట్టె నుంచి నడపండి. అప్పటికీ మోత వస్తే సంకేతం దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి.

బోన్ వ్యాసం ఒక సూత్రాన్ని మనసులో నాటగలిగిన రచన అనడానికి సందేహం లేదు. ఇంజినీర్ల కోసం రాసింది కనుక ఇంటి మనిషి సందేహాలు అందులో తీరవు. అయినా దాని చేవ తగ్గలేదు. తప్పు తీగలో కన్నా దాని పేరులో ఉందనిపిస్తుంది. ఒకే తీగకు ఒకే పేరు పెట్టి, రెండు వైపులా వాడుకోవచ్చునని మనకు మనమే నచ్చజెప్పుకున్నాం. దీన్ని 'పంచే తీగ' అని పిలవడం అలవాటు చేసుకుంటే, కలపబోయిన చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది.