పుండు మీద ఎర్ర వెలుగు

ఈ వారం పేపరు మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. షుగరు పుండ్లు లేజర్‌తో మాయమట, కోతా నొప్పీ ఉండవట. ఒళ్లు మండింది. అందులో చెప్పుల ఊసే లేదు.

చెప్పుల మీద నా పట్టు పాత పాఠకులకు తెలిసిందే. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు. మనిషి పుండు మీదే అడుగేస్తుంటాడు. పొద్దస్తమానం నలిగే చోట కొత్త చర్మం ఎలా వస్తుంది? వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల్లో ఇదే గమనించారు. బరువు తప్పిస్తే ఆ కండ చక్కగా మానుతుంది. అందుకే పిండికట్లు వేశారు. మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చిందీ ఆ పాదాల కోసమే.

ఆ కోపంతోనే లేజర్‌ని కొట్టిపారేద్దామని కూర్చున్నాను. ఎండ్రె మెస్టర్ అడ్డొచ్చారు. ఆయన బుడాపెస్ట్ వైద్యుడు. 1967లో, క్యాన్సర్ మీద లేజర్ ప్రభావం పరీక్షిస్తూ, చిట్టెలుకల బొచ్చు గొరిగి తక్కువ శక్తి గల రూబీ లేజర్ పెట్టారు. కాంతి పడ్డ ఎలుకలకు బొచ్చు త్వరగా మొలిచింది. వెతుకుతున్నది ఒకటి, దొరికింది ఇంకొకటి. అయినా ఆయన దాన్ని వదల్లేదు. కొన్నేళ్లకే, ఎంతకీ మానని పుండ్లున్న మనుషులకు ఆ వెలుగు పెట్టి చూశారు.

ఇది కాల్చే లేజర్ కాదు. ఎర్ర కాంతిని, కంటికి కనపడని పరారుణ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీ పెంచుతుందని పరిశోధకుల వివరణ. మోతాదు మించితే మేలు తగ్గిపోతుంది. కొన్ని రకాల క్యాన్సర్ చికిత్సల్లో నోరు పూయకుండా ఈ కాంతి వాడమని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి ఇది బూటకం కాదు. షుగరు పాదం విషయంలో మాత్రం జరిగినవి చాలావరకు చిన్న పరీక్షలు. 2017 కోక్రేన్ సమీక్ష కూడా ఆధారాలు బలంగా లేవనే తేల్చింది.

అలాంటప్పుడు పెద్ద పరీక్ష మనమే ఎందుకు చేయకూడదు? ఉస్మానియాకూ విశాఖ కేజీహెచ్‌కూ ఇలాంటి పాదాలతో వచ్చేవాళ్లకు కొదవ లేదు. ముందు అందరికీ కాలి రక్తప్రసరణ చూడాలి, చచ్చిన కండ తీయాలి, చీముకు మందివ్వాలి, షుగరు అదుపులో పెట్టాలి, బరువు తప్పించే కట్టు వేయాలి. ఆపైన సగం మందికి నిజం లేజర్, సగం మందికి పేరుకు దీపం. ఎవరికి ఏది పెట్టారో కొలిచేవాళ్లకు తెలియకూడదు. మన బోధనాసుపత్రులు ఈ పని తలకెత్తుకోవాలి.

అందాకా పాఠకులకు ఒక్క మాట. పాదం మీద బరువు తప్పించకుండా లేజర్ పెడతామనే చోట డబ్బు కట్టకండి.