తలుపు విప్పకముందే తెలియాలి

కారు పవర్ విండోలో ప్రధానంగా ఉండేవి నాలుగు: వేలితో నొక్కే స్విచ్, 12 వోల్టుల చిన్న మోటారు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్, అద్దం జారే రబ్బరు ఛానల్. మామూలు ఏర్పాటులో మోటారుకు రెండే వైర్లు. కరెంటు ఒకవైపు నుంచి పారితే అద్దం ఎక్కుతుంది, వైపు మారితే దిగుతుంది. ఆ వైపు మార్చేది స్విచ్చే. ఏర్పాటు చిన్నదే కానీ స్విచ్ తప్ప దాదాపు అంతా తలుపు రేకు మాటున ఉంటుంది. అందుకే ఇందులో లోపం పట్టడం గొప్ప విద్య. చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ డోర్ ప్యాడ్ మీద చేయి వేయకముందే సగం జబ్బు చెప్పేస్తాడు.

మరతో కదిలే అద్దాలు 1940లో అమెరికా ప్యాకార్డ్ 180 కారుతో వచ్చాయంటారు. ఇక్కడ అంబాసిడర్, మారుతీ 800 రోజుల్లో చేత్తో తిప్పే హ్యాండిలే దిక్కు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీల వైరింగు మీద పండిన పనితనమే తర్వాత కారు తలుపుల్లోకీ వచ్చిందని ఆ పనివాళ్ల అభిమానులు చెప్పుకుంటారు.

మైలవరం, నూజివీడు మామిడి తోటల సీమలో అద్దం మొరాయించే జబ్బుకు ఒక కాలం ఉంది. వేసవిలో బంగినపల్లి, రసాల కోతలు సాగుతున్నన్నాళ్లూ తోట బాటల దుమ్ము అద్దం అంచు వెంట ఛానల్లోకి దిగుతుంది. ఎండకు రబ్బరు బిరుసెక్కుతుంది. అద్దం దిగేటప్పుడు బాగానే దిగి, ఎక్కేటప్పుడు మూలిగితే ముందు అనుమానించాల్సింది ఛానల్‌నే. తొలకరికి మరో గండం: తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోతే నీరు లోపలే నిలిచి తుప్పుకు దారి తీస్తుంది.

పరీక్షకు ఒక వరుస ఉంది. ఏ అద్దమూ కదలకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. వెనక అద్దాలు మాత్రమే కదలకపోతే, పిల్లల కోసం పెట్టిన లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడాలి. ఒక్క తలుపే మొరాయిస్తే డ్రైవరు దగ్గరి స్విచ్‌తోనూ, ఆ తలుపు స్విచ్‌తోనూ విడివిడిగా ప్రయత్నించాలి. ఒకదానితో కదిలి రెండోదానితో కదలకపోతే మోటారు నిర్దోషి. తప్పు స్విచ్‌లోనో వైరులోనో ఉంది.

తర్వాత చెవి పని. మోటారు గిర్రున తిరుగుతున్నా అద్దం కదలకపోతే రెగ్యులేటర్ కేబుల్ తెగి ఉంటుంది, లేదా అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగి ఉంటుంది. చప్పుడే లేకపోతే ఇంజన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, కారు లోపలి లైటు వెలిగించి స్విచ్ నొక్కాలి. లైటు మసకబారితే మోటారు కరెంటు లాగుతోంది, ఎక్కడో బిగుసుకుంది. మసకబారకపోతే దారిలోనో మోటారు లోపలో కరెంటు తెగింది. చివరగా మోటారు కప్లర్‌లో టెస్టర్ బల్బు పెట్టి స్విచ్ నొక్కాలి. రెండు వైపులా బల్బు నిండుగా వెలిగితే లోపం మోటారుదే.

అసలు పనితనం తలుపు సందులో తేలుతుంది. బాడీ నుంచి తలుపులోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం తలుపు తీసిన ప్రతిసారీ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి తెగుతుంది; పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అనుభవజ్ఞుడు గొట్టం వెనక్కి జరిపి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూస్తాడు. రాగి ఉన్న వైరు గట్టిగా నిలుస్తుంది. రాగి తెగినది రబ్బరులా సాగుతుంది. అంతే, దొంగ దొరికాడు! అక్కడ కొత్త వైరును వంగడానికి వీలుగా కొంచెం పొడవు వదిలి కలిపి, టంకం పెట్టి, స్లీవ్ తొడుగుతాడు. కొండపల్లి బొమ్మకు విడిగా చెక్కిన చేతులు చింతగింజల మక్కుతో అతికితే అతుకు కనిపించదు. మంచి వైరు అతుకు అందం కూడా అలాంటిదే.

ప్యాడ్ విప్పాక అద్దం జారి పడకుండా ఫ్రేముకు టేపుతో కట్టాలి. వాన నీరు లోపలికి రాకుండా ఉన్న ప్లాస్టిక్ షీటును చింపకుండా తీసి మళ్లీ అతికించాలి. మోటారు బ్రష్‌లు అరిగితే, ఆ మోటారు విప్పడానికి వీలైనదైతే బ్రష్‌లే మార్చవచ్చు. ఛానల్ తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాలి. ఇంజన్ ఆయిల్ పూస్తే రబ్బరు ఉబ్బుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. ఒక్క నొక్కుతో పైకెళ్లే అద్దమైతే, బ్యాటరీ తీసిన తర్వాత చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా ఎక్కించి స్విచ్‌ను కొన్ని క్షణాలు అలాగే పట్టుకోవాలి. అప్పుడే దానికి తన హద్దు గుర్తొస్తుంది.

ఇంత చక్కటి విద్యను ఇప్పుడు ఒక్క మాట మింగేస్తోంది: "సెట్టు మార్చేద్దాం." రాగిపోగు తెగినందుకు మోటారు, రెగ్యులేటర్ కలిపి పారేయడం పని కాదు, పనికి అవమానం. పైగా ఆ స్థానంలో వచ్చే డూప్లికేట్ సెట్టులో కేబుల్ సన్నం, ప్లాస్టిక్ పెళుసు. టంకం లేకుండా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వానాకాలం గట్టెక్కదు. చించి పారేసిన ప్లాస్టిక్ షీటు పాపం తడిసిన ప్యాడ్‌లో బయటపడుతుంది. ఓపికగా వైరు లాగి చూసే చేతికి కూలి ఇవ్వడానికి బేరమాడి, కొత్త సెట్టుకు మారుమాట లేకుండా డబ్బు కట్టే యజమానులకూ ఇందులో పాలుంది.

కారు ఇచ్చేవాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: స్విచ్, వైరు, మోటారు, రెగ్యులేటర్, ఛానల్ — వీటిలో చెడింది ఏది? ఏదైనా మారిస్తే పాత ముక్క చేతికివ్వమనాలి. పని నేర్చే కుర్రాడు స్క్రూడ్రైవర్ కంటే ముందు టెస్టర్ బల్బు పట్టాలి.