కోసినదీ, ఉంచినదీ – హాట్ రాడ్ శిల్పంపై ఒక విచారణ

హాట్ రాడ్ అనే మాట మన పాఠకులలో చాలామందికి కొత్త కావచ్చు. పాత ఫోర్డు కారు ఒకటి సంపాదించి, పరుగుకు పనికిరాని భాగాలన్నీ తీసివేసి, బలమైన ఇంజను బిగించి, చేతిపనితో మళ్ళీ కట్టుకొన్న బండికి అమెరికాలో 1940ల నుంచీ యీ పేరు వాడుకలో వుంది. గట్టి పైకప్పు లేని రెండు సీట్ల బండి అయితే దానిని రోడ్‌స్టర్ అంటారు. ఐర్లండులో యీ మాటకు మరొక అర్థం కూడా వుంది. ఇక్కడ హాట్ రాడ్ అంటే చిన్న గుండ్రటి ట్రాకుల మీద పందెం ఆడే కారు. మేము విచారించేది ఆ పందెపు కారును గురించి కాదు, మొదట చెప్పిన కట్టుడు బండిని గురించి. అది కళ అవుతుందా? అయితే దానిని ఏ కొలతతో కొలవాలి?

సాంస్కృతిక సంఘం పత్రికలో కారు గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. మన పల్లెలలో ఎడ్లబండిని చూసి మంచిచెడ్డలు చెప్పగలిగిన పెద్దలుండేవారు. ఇరుసు తీరు, ఆకుల పొందిక, కాల్చిన ఇనప పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోసి బిగించిన కమ్మరి ఒడుపు – ఇవన్నీ వారి విమర్శకు విషయాలే. ఆ చూపు మనది. దానిని మరొక బండి మీద పెడితే తప్పు లేదు.

మేముండే నేస్ వూరు కిల్‌డేర్ జిల్లాకు ముఖ్యపట్టణం. యీ జిల్లాకు మోటారు చరిత్రలో స్థానం వుంది. 1903 జూలై 2న గోర్డన్ బెన్నెట్ కప్పు పందెం కిల్‌కలెన్, ఆథై వూళ్ళ మీదుగా సాగింది. ఇంగ్లండులో బహిరంగ రహదారుల మీద పందేలకు అనుమతి లేకపోవడంతో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి పందెం ఇక్కడ జరిపించింది. మెర్సిడెస్ వారు సిద్ధం చేసుకొన్న 90 గుర్రాల బలం గల బళ్ళు కాన్‌స్టాట్ కర్మాగారంలో అగ్నిప్రమాదానికి ఆహుతి కాగా, ఒక అమెరికను ఆసామి దగ్గర 60 గుర్రాల బండిని ఎరువు తెచ్చి, అదనపు బరువు ఒలిచివేసి పందానికి దింపారు. కమీల్ జెనాట్సీ దానితోనే గెలిచాడు. రోడ్డు బండిని ఒలిచి పందెపు బండి చేయడమే హాట్ రాడ్ మూలసూత్రం. ఆ పేరు పుట్టకముందే యీ సూత్రం మా పొరుగు వూళ్ళ మీదుగా పరుగెత్తిందన్నమాట. నేస్‌కు దగ్గరలోనే 1968లో తెరిచిన మాండెలో పార్క్ పందెపు బాట కూడా వుంది.

హాట్ రాడ్‌కు ఐర్లండుతో మరొక చుట్టరికం కూడా లేకపోలేదు. హెన్రీ ఫోర్డు తండ్రి విలియం 1847లో కార్క్ జిల్లా బాలినస్కార్తీ నుంచి వలస పోయినవాడు. కొడుకు 1917లో కార్క్ నగరంలో కర్మాగారం పెట్టాడు. అది 1984లో మూతపడింది. హాట్ రాడ్ కట్టేవారు అన్నిటికన్నా మిన్నగా ఎంచే బండి 1932 నాటి ఫోర్డు. సామాన్యుడు కొనగలిగిన ధరలో వి–8 ఇంజనును మొదట అందించిన కారు అది. 3.6 లీటర్ల ఇంజను, 65 గుర్రాల బలం. యుద్ధం ముగిసేనాటికి యీ కార్లు చవకగా దొరికేవి. సైన్యంలో యంత్రాల పని నేర్చుకొని వచ్చిన కాలిఫోర్నియా కుర్రవాళ్ళు వాటిని కొని, ఎండిపోయిన సరస్సుల చదును నేల మీద పరుగెత్తించారు. ఆ పరుగులకు నియమాలు పెట్టిన దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1937 నాటికే ఏర్పడింది.

ఇక పనితనం మాట. చట్రానికి రెండు పక్కలా వుండే దూలాలు ఒక వైపు తెరిచిన తొట్టి ఆకారంలో వుంటాయి. కొత్త ఇంజను బలానికి అవి మెలిపడతాయి కనుక తెరిచిన వైపు రేకు పెట్టి అతికి పెట్టెలాగా మూసివేస్తారు. అద్దం ఎత్తు తగ్గిస్తారు. ముందు ఇరుసును దించుతారు. ఇంజను మీది కప్పుకు గాలి చీలికలు కొడతారు. వేడి బయటికి పోయేందుకే ఆ చీలికలు. చేయి తిరిగినవాడు కొడితే వరుస మొత్తం ఒక్క ముద్ర వేసినట్టు వుంటుంది.

రేకుల అతుకుల దగ్గర మేము కాస్త ఆగి చూస్తాము. వైద్య వృత్తిలో వున్నాము కనుక అతుకు మీద మా చూపు ఊరికే నిలవదు. రెండు రేకులను అతికి, వెంటనే సుత్తితో సరిచేసి, వేడికి రేకు వంకర పోకుండా చూసుకొనే పని ఒకటి. అతుకు ఎగుడుదిగుడుగా వదిలివేసి, పైన సీసమో ప్లాస్టిక్ ముద్దో పూసి, రంగు కొట్టడం మరొకటి. పైకి రెండూ నునుపే. రెండవదానిలో ముద్ద కింద తేమ చేరితే కొన్నేళ్ళలో లోపల తుప్పు మొదలవుతుంది. పైన మానినట్టు కనిపిస్తూ లోపల చీము పట్టిన గాయం లాంటిది అది. సీసం అరగదీసేటప్పుడు లేచే పొడి పీల్చినవాని రక్తంలోకి చేరుతుందని కూడా యీ సందర్భంలో చెప్పవలసి వుంది. పాత పద్ధతి అనే గౌరవంతో ముసుగు లేకుండా పనిచేయడం శిల్పభక్తి అనిపించుకోదు.

గొప్ప ఉదాహరణ ఒకటి చూద్దాము. డోన్ స్పెన్సర్ అనే కాలిఫోర్నియా వాసి 1940లలో కట్టిన నల్లటి 1932 రోడ్‌స్టర్ యీ కళలో ప్రబంధం వంటిది. జార్జి డూవాల్ రూపొందించిన ఏటవాలు రెండు పలకల అద్దం దానికి ముఖశోభ. మెక్సికోలో జరిగే దూరపు రోడ్డు పందానికి పోవాలని స్పెన్సర్ ఆశపడ్డాడు. అక్కడి గరుకు దారులకు బండి అడుగుభాగం నేలకు తగలకూడదు. అందుకని పొగగొట్టాలను చట్రపు దూలాల గుండా పోనిచ్చాడు. ఆ పందెంలో బండి పాల్గొనలేదు గాని ఆ పనితనం నిలిచిపోయింది. 1997లో పెబుల్ బీచ్ ప్రదర్శనలో తొలిసారి హాట్ రాడ్‌లకు ఒక తరగతి పెట్టినప్పుడు, బాగుచేసి నిలబెట్టిన యీ బండే ప్రథమ బహుమతి పొందింది. క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఆ మాట యీ పొగగొట్టాలకు అక్షరాలా వర్తిస్తుంది. అవసరమే అక్కడ అందంగా మారింది.

ఔచిత్యం తప్పిన బళ్ళూ వున్నాయి. భాగాలన్నీ జాబితా చూసి కొని, అద్దంలా రంగు వేయించి, ట్రైలరు మీద ఎక్కించి ప్రదర్శనలకు తిప్పే రోడ్‌స్టర్లకు గాలి చీలికలు కూడా నగలే. ఎన్నడూ పరుగెత్తని బండికి వేడి ఎక్కడిది? ఇక్కడ హైదరాబాదు సుధా కార్స్ మ్యూజియం గుర్తు చేసుకోవాలి. 2010లో తెరిచిన ఆ మ్యూజియంలో కె. సుధాకర్ యాదవ్ బూటు, కెమెరా, బర్గర్ ఆకారాలలో కట్టిన కార్లున్నాయి. పాత సామాను చేర్చి చేసిన యీ బళ్ళలో ఆకారం హాస్యం కోసమే. శుద్ధ శిల్పవాది ముఖం చిట్లించవచ్చు. కాని అవి నడుస్తాయి. మెరుస్తూ కదలని రోడ్‌స్టర్ కన్నా నడిచే బూటుకే మా ఓటు.

అసలైన చిక్కు వేరొకటి వుంది. 1932 కార్లు ఇక పుట్టవు. పాతకార్ల రక్షకులు ఒక్కొక్క బండినీ కోయడం చరిత్రను కోయడమే అంటారు. యీ వాదంలో బలం వుంది. 1946లో ఆ కారు పాతసామాను. ఈనాడు మార్పు లేకుండా మిగిలినది సాక్ష్యపత్రం. అమెరికాలో బ్రూక్‌విల్ సంస్థ వారు అదే ఆకారంలో కొత్త ఉక్కు బాడీలు తయారుచేస్తుండగా, చెక్కు చెదరని పాత బండికి రంపం పెట్టడాన్ని మేము సమర్థించలేము. ఆరోగ్యంగా వున్న అవయవాన్ని అందం కోసం తీసివేయమంటే ఏ శస్త్రవైద్యుడూ ఒప్పుకోడు. తుప్పు పట్టి సగం మిగిలిన బండి సంగతి వేరు. దానికి హాట్ రాడ్ పునర్జన్మ.

యీ తీర్పు కార్లకే పరిమితం కాదు. రాత్రంతా ఆడే భామాకలాపాన్ని మన సభలలో పదిహేను నిమిషాల ప్రవేశ దరువుగా కుదించుకొంటున్నాము. కుదించడం పాపమని మేము అనము. హాలు అద్దె, మర్నాటి డ్యూటీ, పిల్లల బడి మనకు తెలియనివి కావు. ఐతే స్పెన్సర్ బండిని విప్పి, ప్రతి మరా ఎందుకున్నదో తెలుసుకొన్న తరువాతే కోశాడు. మనం కలాపం మొత్తం ఒక్కసారైనా చూసి, తెలుసుకొని కోస్తున్నామా? ఏది తీసివేశామో తెలిసినవాడికే మిగిలినదాని విలువ తెలుస్తుంది. వచ్చే ఉగాది కార్యక్రమం కూర్చేవారు యీ ప్రశ్నను ముందు వేసుకోవాలని మా మనవి.