‘కానీ’ తగిలించిన వాక్యం

నువ్వూ దేవుని బిడ్డవే, కానీ... యీ ‘కానీ’ దళిత క్రైస్తవులకు కొత్తది కాదు. ప్రభువు బల్ల దగ్గర వేరే వరస, సమాధుల తోటలో వేరే మూల, అన్నీ దాన్నుంచే పుట్టాయి. అందుకే అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు చర్చి స్వలింగ వివాహాల మీద యాభై యేళ్లు నడిపిన తగాదాను మేం బైబిలు వాదంగా కాక, వొక వాక్యం చరిత్రగా చదువుతున్నాం.

1972 అట్లాంటా మహాసభ ముందుకొచ్చిన ముసాయిదా, స్వలింగ ప్రేమికులు కూడా పవిత్రమైన విలువ గల మనుషులేనంది. సభలో వొకాయన సవరణ తెచ్చాడు: వాళ్ల నడవడి క్రైస్తవ బోధకు పొసగదని. మొదటి మాట కొట్టేయలేదు, తోక తగిలించారు. ఆ తోకే చట్టమై కూచుంది. 1984లో అలాంటి వాళ్లకు పాస్టరు అభిషేకం నిషేధించారు. కొడుకు పెళ్లి జరిపించిన ఫ్రాంక్ షేఫర్ అనే పాస్టరు 2013లో పదవి పోగొట్టుకున్నాడు (మరుసటేడు తిరిగిచ్చారు లెండి). 2019లో సెయింట్ లూయిస్ సభ 438–384 ఓట్లతో నిషేధాన్ని మరింత బిగించింది.

నిషేధం యెత్తేస్తే ఐక్యత చెడుతుందన్నారు. యెవరి ఖర్చుతో ఐక్యత? బానిసల యజమాని అయిన వొక బిషప్పు విషయంలో 1844లో చీలిన చర్చి, 1939లో మళ్లీ కలిసింది. యెట్లా కలిసింది? నల్లవాళ్ల సంఘాలను సెంట్రల్ జ్యూరిస్డిక్షన్ అనే వేరు గూడెంలోకి నెట్టి. నల్ల ప్రతినిధుల్లో యెక్కువమంది వొప్పుకోలేదు, అయినా ఆగలేదు. అది 1968 దాకా నడిచింది. రెండు వివక్షలూ వొకటేనని మేం అనటం లేదు. ఐక్యత పేరుతో బిల్లు యెవరి చేతికిస్తారన్నదే మా ప్రశ్న.

ఆఫ్రికా ఓట్ల వల్లే మార్పు ఆగిందని తెల్ల ఉదారవాదులు అంటుంటారు. సగం నిజం. 1972 నాటి తోక అమెరికన్లు కట్టిందే. 2024లో షార్లెట్ సభ 523–161 ఓట్లతో ఆ వాక్యం తీసేసింది, పాస్టర్లపై నిషేధాలూ యెత్తేసింది. వివాహమంటే స్త్రీపురుషులు ‘లేదా’ యిద్దరు వయోజనులు అనే రాజీ మాట తెచ్చింది జింబాబ్వే ప్రతినిధే. అప్పటికే అమెరికాలో నాలుగో వంతు సంఘాలు వెళ్లిపోయాయి.

మనకు మింగుడుపడని సంగతి వేరే వుంది. తెల్లవాళ్ల వివక్షను యెదిరించి పుట్టిన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి కూడా 2004లో తన పాస్టర్లు యిట్లాంటి పెళ్లిళ్లు చేయరాదని తీర్మానించింది. దెబ్బ తిన్నవాళ్లకు యెదుటివాడి దెబ్బ దానంతటదే అర్థం కాదన్నమాట.

షార్లెట్ తీర్పు మనదాకా రాదు. మెదక్ ప్రాంతంలో మాల, మాదిగలతో నిండిన వెస్లియన్ సంఘాలు 1947లోనే సీయస్సైలో కలిశాయి. మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981 నుంచీ స్వతంత్రమే. సరే, మన వాడ చర్చిలోనూ అట్లాంటి పిల్లోడు వుంటాడు గదా. బాప్తిస్మం యిచ్చాం, క్వయర్‌లో పాడించాం, క్రిస్మసుకు చుక్క కట్టించాం. ఆ తర్వాత వాడితో మనం యే మాట అంటున్నాం?