నడచువారి నెత్తురు

కాలి ధమనుల లోపలిగోడకు క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైనప్పుడు పిక్కకు కావలసినంత నెత్తురు అందదు. కొంతదూరము నడచునప్పటికి పిక్క పట్టివేయును. నిలిచినచో కొద్ది నిమిషములలో సర్దుకొనును. రోగులలో అందరికిని ఈ నొప్పి కనిపించదు. కనుకనే వైద్యులు చీలమండవద్ద రక్తపీడనమును చేతి రక్తపీడనముతో భాగించి చూతురు. ఆ భాగఫలము 0.90 కంటె తక్కువైనచో కాలి ధమనులు ఇరుకైనవని నిర్ణయింతురు. దీనికి పరిధీయ ధమనీవ్యాధి అని పేరు.

ఇట్టి రోగుల నడకకును, వారి నెత్తుటిలోని కొన్ని పదార్థములకును గల సంబంధమును గూర్చి క్రాఫ్ట్, మెక్‌డెర్మాట్ మున్నగు అమెరికను పరిశోధకులు 2008లో ఒక హృద్రోగ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఎక్కువగా మెదలువారి నెత్తుటిలో సి-రియాక్టివ్ ప్రోటీను, డి-డైమరు మొదలైనవి తక్కువగా నున్నవని వారు కనుగొనిరి. మొదటిది శరీరములో ఎక్కడనైన వాపు, తాపము కలిగినప్పుడు కాలేయము తయారుచేయు ప్రోటీను. 1930లో టిలెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల నెత్తుటిలో దీనిని గుర్తించిరి. రెండవది గడ్డకట్టిన నెత్తురు కరుగునప్పుడు మిగులు తునక.

ఈ పరిశోధనలో మెచ్చదగినది కొలత. ‘‘మీరు రోజూ ఎంత నడచెదరు?’’ అని అడిగినచో నడవనివాడును నాలుగు వీధులు కలిపియే చెప్పును. వీరు అట్లు అడిగి ఊరకుండక, రోగులచేత చలనమును లెక్కించు చిన్న యంత్రమును ఏడురోజులు ధరింపజేసిరి.

చిక్కు వచ్చునది ఈ ఫలితమును చదువువారితోనే. నడకవలన నెత్తురు శుభ్రపడినదని చెప్పుటకు ఈ లెక్కలు చాలవు. నడకను, నెత్తురును ఒకే కాలమున చూచిరేగాని, ఏది ముందో ఏది వెనుకో చూడలేదు. వ్యాధి ముదిరినవానికి నెత్తుటిలో తాపచిహ్నములు పెరుగును. కాలునొప్పిచే నడకయు తగ్గును. ఈ రెండును ఒకే వేరునుండి మొలచిన కొమ్మలు కావచ్చును. వయస్సు, పొగత్రాగుట, వ్యాధితీవ్రత వంటివానిని గణితముతో సరిచేసినను, కొలవనిదానిని సరిచేయు గణితము లేదు. తరగతిలో కార్యకారణ సంబంధమును బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

మరియొక సంగతి. సూచకము తగ్గినంతమాత్రమున రోగము తగ్గునా? జ్వరమాపకమును విదిలించినచో పాదరసము దిగును, జ్వరము దిగదు. హోమోసిస్టీను అను పదార్థము ఎక్కువగా నున్నవారికి గుండెపోటు ఎక్కువని తెలిసి, ఫోలికామ్లమును, బి6, బి12 విటమినులను ఇచ్చి చూచిరి. 2006లో వెలువడిన హోప్-2 పరీక్షలో హోమోసిస్టీను తగ్గినదిగాని, గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణము అను మూడింటి మొత్తము చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. పక్షవాతము మాత్రము కొంత తగ్గెను.

అయితే రోగి నడువరాదనియా? కానేకాదు. ఆ ప్రశ్నకు జవాబు నెత్తుటి బొట్టులో గాక వేరొకచోట దొరికినది. 2021లో మెక్‌డెర్మాట్ బృందమే 305 మంది రోగులను చీట్లు వేసినట్లు మూడు గుంపులుగా విడదీసి ఒక సంవత్సరము పరిశీలించినది. కాలునొప్పి వచ్చునంత వేగముగా నడచినవారు ఆరు నిమిషములలో నడువగల దూరము సగటున 34.5 మీటర్లు పెరిగెను. నొప్పి రాకుండ మెల్లగా నడచినవారిది 6.4 మీటర్లు తగ్గెను. ఏ వ్యాయామమును చెప్పబడనివారిది 15.1 మీటర్లు తగ్గెను. ఇచట ఎవరెట్లు నడువవలెనో నిర్ణయించినది రోగి ఓపిక కాదు, చీటి. 2008 నాటి వ్యాసములో లేనిది ఇదియే. నొప్పి పుట్టగానే కూలబడుట సహజము. ఆ సహజమునకు ఎదురుగా నడచినవారికే మేలు కలిగినది. ఇట్టి నడకను వైద్యుడు చూచి అనుమతించిన పిదపనే మొదలుపెట్టవలెను. గుండెజబ్బు తోడుగా నున్న రోగులు వీరిలో పెక్కుమంది.